తాతగారి వాచీ వయసెంత?

తాతగారు వాడిన చేతి వాచీ ఏ కాలానిదో తెలియాలంటే డయల్ మీది పేరు చూస్తే చాలదు. వెనక మూత విప్పించాలి. మూత లోపలి వైపు అచ్చు గుద్దిన అక్షరాలు, యంత్రం మీది గుర్తులు, ఇన్నేళ్ళలో దాన్ని బాగుచేసిన మెకానిక్‌లు సూదిమొనతో గీసిపెట్టుకున్న అంకెలు అక్కడే ఉంటాయి. ఇంట్లో ఎవరూ చెప్పలేని సంగతులు ఆ రూపాయి బిళ్ళంత జాగాలో దొరుకుతాయి.

మన బీరువాల్లో మిగిలిన పాత వాచీల్లో పెద్ద వయసువి సాధారణంగా స్విట్జర్లాండువి. 1737 నాటి మూలాలున్న ఫేవర్ లూబా సంస్థ 1865లోనే మన దేశానికి వచ్చింది. వెస్టెండ్ వాచ్ కంపెనీ పేరు 1886 నుంచీ ఉంది. బొంబాయిలో దుకాణం పెట్టి మన దేశపు కొనుగోలుదారు కోసమే స్విస్ వాచీలు చేయించిన సంస్థ అది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకు వెళ్ళిన భారత సైనికుల దగ్గర ఈ వాచీలు ఉండేవి. దాని ‘సవార్ ప్రైమా’ మోడల్ పేరులో ఆశ్వికుడున్నాడు. ఇంట్లో సైన్యంలో పనిచేసిన ముత్తాత ఉన్నారని తెలిస్తే మూత మీద బాణం గుర్తు ఉందేమో చూడండి. బ్రిటిష్ ప్రభుత్వం తన సొత్తుపై వేసే ముద్ర అది.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులపై ఆంక్షలు, సుంకాలు పెరిగాయి. విదేశీ వాచీ చాలాచోట్ల దొంగచాటు సరుకైంది. పాత స్విస్ వాచీకి బిల్లు లేకపోవడం అందుకే వింత కాదు. ఆ కొరత తీర్చడానికే జపాన్ సిటిజన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత జనతా, పైలట్, జవాన్, సోనా, కాంచన్ పేర్లు మన ఊళ్ళలోకి వచ్చాయి. పెళ్ళికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఆనవాయితీగా ఉన్న రోజులవి. కాబట్టి హెచ్.ఎం.టి. వాచీ తేదీకి నేనైతే ముందు పెళ్ళి ఫొటో వెతకమంటాను. పీటల మీద కూర్చున్న వరుడి ఎడమ చేతిని భూతద్దంతో చూస్తే డయల్ రంగు, ముళ్ళ తీరు చాలాసార్లు కనిపిస్తాయి. శుభలేఖ దొరికితే వాచీ ఏ ఏడాదికి ముందు ఇంటికి వచ్చిందో తేలిపోతుంది.

గల్ఫ్ వలసతో వచ్చినవి సీకో వాచీలు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళు సెలవుల్లో వచ్చేటప్పుడు సీకో 5 తేవడం పెద్ద గౌరవం. వీటి తేదీ చెప్పడం అన్నిటికన్నా తేలిక. ఆ కాలపు సీకో మూత మీది వరస సంఖ్యలో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. 7ఎన్ అని మొదలైతే 1977 కావచ్చు, 1987 కావచ్చు. ఏ దశాబ్దమో తేల్చడానికి మూత మీది యంత్రం నంబరుతో పాటు నాన్నగారు మొదటిసారి దుబాయ్ విమానం ఎక్కిన ఏడాది సాయపడుతుంది.

స్విస్ వాచీల్లో పని ఇంత సూటిగా సాగదు. పెద్ద సంస్థలకు లెక్కలున్నాయి. ఒమేగా యంత్రాల వరస సంఖ్య 1944లో కోటికి చేరింది కాబట్టి, అంతకన్నా తక్కువ సంఖ్య ఉంటే అంతకు ముందుదే. చిన్న పేర్ల వాచీల్లో మాత్రం యంత్రం తరచుగా వేరే కర్మాగారంలో చేసింది. బ్యాలెన్స్ వీలు కింద ఏ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్. లాంటి పొడి అక్షరాలు, పక్కన చిన్న నంబరు ఉంటాయి. డయల్ మీది పేరు దుకాణం పెట్టించుకున్నదైనా కావచ్చు, ఈ అక్షరాలు మాత్రం యంత్రాన్ని చేసినవాళ్ళవి. బ్యాలెన్స్ ఇరుసు మీద లైర్ వాద్యం ఆకారంలో సన్నని స్ప్రింగు కనిపిస్తే అది ఇన్‌కాబ్లాక్, కుదుపుకు ఇరుసు విరగకుండా చేసిన ఏర్పాటు. వాడుకలోకి వచ్చింది 1930ల నడుమ. దాన్ని తొలినాళ్ళలోనే తీసుకున్న బ్రాండుల్లో వెస్టెండ్ ఒకటి. అంటే ఆ స్ప్రింగు ఉన్న యంత్రం అంతకన్నా పాతది కాలేదు. హెచ్.ఎం.టి. డయల్ మీద కనిపించే ‘పారాషాక్’ కూడా ఇలాంటిదే, సిటిజన్ నుంచి వచ్చింది.

చీకట్లో మెరిసే అంకెలున్న వాచీల విషయంలో జాగ్రత్త కావాలి. 1960ల దాకా వాటికి రేడియం కలిపిన రంగు పూసేవారు. తర్వాత ట్రిటియం వచ్చింది. స్విస్ డయల్ అడుగున ‘స్విస్’ మాటకు అటూ ఇటూ చిన్న ‘టి’ అక్షరాలు దానికి గుర్తు. 1940ల వాచీ అని చెప్పి అమ్మేదాని మీద ఆ అక్షరాలుంటే డయల్ తర్వాత మార్చినదే. మెరుపు పోయింది కదా, ప్రమాదం లేదనుకోకండి. అరిగిపోయేది వెలుగునిచ్చే జింకు సల్ఫైడు. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. ఆ రంగును ఇంట్లో గోకకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు, మెకానిక్‌కు ముందే చెప్పాలి.

నాకు వీటన్నిటికన్నా ఇష్టం మూత లోపలి గీతలంటే. సర్వీసు చేసిన ప్రతి మెకానిక్ తన గుర్తు, తేదీ, బిల్లు నంబరు గీసుకునే అలవాటు ఒకప్పుడు గట్టిగా ఉండేది. నాలుగైదు తేదీలు వరసగా కనిపిస్తే ఆ మనిషి వాచీని ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో తెలుస్తుంది. చివరి తేదీ దగ్గర ఆయన ఉద్యోగ విరమణో, అనారోగ్యమో ఉంటుంది. పాలిష్ పేరుతో ఈ గీతలను చెరిపేసే దుకాణాలున్నాయి. వద్దని ముందే చెప్పాలి.

ఇక డయల్. పాత వాచీకి మన దగ్గర జరిగే పెద్ద నష్టం ఇక్కడే. మచ్చలు పడ్డ డయల్‌ను పూర్తిగా తుడిచి కొత్త రంగు వేసి, పేరు మళ్ళీ అచ్చువేసి ఇస్తారు. ఇలా రంగులు మార్చి అమ్మే పాత వాచీలను ప్రపంచమంతటా సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని పిలుస్తారు. పోల్చుకోవడం కష్టం కాదు. అక్షరాలు లావుగా, వంకరగా ఉంటాయి. నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా ఎదురు పడవు. అడుగున ‘స్విస్ మేడ్’ ఉండాల్సిన చోట ఉండదు. కంపెనీ ఎన్నడూ వేయని ఎరుపో నారింజో కనిపిస్తుంది. ఆ పని చేసేవాళ్ళ చేతిలో నేర్పు లేదని నేననను. కానీ తాతగారు రోజూ చూసిన ముఖం ఒకసారి తుడిచేశాక మళ్ళీ రాదు. పసుపెక్కిన, చుక్కలు పడ్డ అసలు డయల్ మెరిసే కొత్త డయల్‌కన్నా విలువైనది, డబ్బు లెక్కలోనూ ఇంటి లెక్కలోనూ.

యంత్రం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. దాన్ని బాగుచేయించి తీరాలి. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న వాచీకి కీ ఇవ్వగానే టిక్ టిక్ మంటే సంతోషపడి చేతికి పెట్టుకోవడం మంచిది కాదు. లోపలి నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. ఆ కాలపు మామూలు యంత్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, రోజుకు 4,32,000. నూనె లేని ఇరుసు అన్ని దెబ్బలకు అరిగిపోతుంది. విప్పకుండా యంత్రాన్ని మొత్తంగా పెట్రోలులో ముంచి తీసి ఇచ్చే సర్వీసు కూడా సర్వీసు కాదు. ప్రతి చక్రం విడదీసి, కడిగి, జువెల్స్‌లో తగిన నూనె పెట్టి, మెయిన్ స్ప్రింగు బలం పోతే మార్చి, మళ్ళీ కూర్చాలి. ఒక్కరోజులో ఇస్తామంటే ఇవ్వకండి. బాగుచేశాక రోజుకు అర నిమిషం అటూ ఇటూ నడిస్తే ఆ వయసుకు అది చక్కని పని. గ్లాసు మార్చుకోవచ్చు, బెల్టు మార్చుకోవచ్చు. కేసును మాత్రం చక్రం మీద అరగదీయనివ్వకండి, అంచులు గుండ్రమైపోతాయి, బంగారు పూత ఉంటే లేచిపోతుంది.

విడిభాగాలు ఏటేటా తగ్గుతున్నాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్, శ్రీనగర్ చినార్ వాచెస్ సంస్థలను మూసేయాలని నిర్ణయించింది. అదే నిర్ణయంలో మన హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ కూడా పోయింది. ఫేవర్ లూబాను 2011లో టాటాల టైటాన్ కొన్నా, పాత మోడళ్ళ చక్రాలు దొరికేది పాత వాచీల్లోంచే. పనికిరాదని పక్కన పడేసిన మరో జనతా ఇంట్లో ఉంటే పారేయకండి, దాని లోపలి భాగాలు తాతగారి జనతాను బతికిస్తాయి.

దుకాణానికి వెళ్ళే ముందు డయల్, యంత్రం, మూత లోపలి వైపు ఫొటోలు తీసుకోండి. డయల్‌కు రంగు వేయొద్దని బిల్లు మీదే రాయించండి. మార్చిన పాత భాగాలన్నీ, చిన్న స్క్రూతో సహా, తిరిగి అడిగి తీసుకోండి.