తండా నుండి జాతీయ జట్టునకు

మన సంచికలలో కవులను గూర్చి, సంగీత విద్వాంసులను గూర్చి వ్యాసములు వెలువడుట పరిపాటి. ఈ పర్యాయము మేము ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణిని గూర్చి వ్రాయుచున్నాము.

మన దేశమున మహిళల ఫుట్‌బాల్ క్రొత్తది కాదు. 1980లో కాలికట్టున, 1983లో బ్యాంకాకున జరిగిన ఆసియా పోటీలలో భారత మహిళలు ద్వితీయ స్థానము పొందిరి. కాని ఆ కీర్తి నిలువలేదు. ఆదరణ లేని విద్య ఏదియు నిలువదు గదా!

ఇట్టి స్థితిలో 2001లో నిజామాబాదు జిల్లా తండాలో, రైతు కుటుంబమున గుగులోత్ సౌమ్య జన్మించెను. 2021లో ఆమె భారత జట్టున ఆడెను. మైదానపు అంచు వెంబడి పరుగుదీసి దాడి నడుపుట ఆమె పని. 2022లో జ్యోతి చౌహానుతో కలసి క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బున చేరెను. పిమ్మట ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆడి, 2024-25 జాతీయ మహిళా లీగు విజయమున పాలుపంచుకొనెను. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను గౌరవించెను.

2025లో థాయిలాండున ఆసియా కప్పు అర్హత పోటీలు జరిగినవి. మంగోలియాపై మనవారు 13-0తో గెలిచిన ఆటలో సౌమ్య రెండు గోలులు చేసెను. జూలైలో ఆతిథ్య దేశమునే 2-1తో ఓడించి భారత మహిళలు అర్హత గడించిరి. అర్హత పోటీలలో నెగ్గి ఆ కప్పునకు చేరుట మనకు అదియే ప్రథమము.

తండాలలో ఇంట లంబాడీ మాట, బడిలో తెలుగు. నగర్తపేటలో మనకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము. కావున కొద్దిమంది నడుమ పుట్టిన బిడ్డ పదిమందిలో నిలుచుట యెంత కష్టమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను మన ఇండ్లలో ఆడపిల్లకు పదమూడవ యేడు రాగానే ఆట మాన్పించుచున్నాము. చదువు చెడునని కొందరు, సంబంధములు కుదరవని కొందరు అందురు. 2020లో జాతీయ మహిళా లీగు అంతిమ పోటీ మన బెంగుళూరు ఫుట్‌బాల్ స్టేడియముననే జరిగినది. నగర్తపేటకు అది దూరము కాదు. మన పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచినవారెందరు?

ఉగాది పోటీలలో బాలికలకు ముగ్గులు, పాటలు ఉండనిండు. వానితోపాటు ఒక బంతిని, ఒక సాయంత్రమును కూడ వారికిత్తము. ప్రతి బిడ్డయు సౌమ్య కానక్కరలేదు. పరుగెత్తుటకు ఇంటివారి అనుమతి లభించిన చాలును.