పాప చెవిలో ట్యూబ్ వేయాలన్నారా? కంగారొద్దు.. ఇవి తెలుసుకోండి

పిలిస్తే పాప తిరిగి చూడట్లేదా? కర్ణభేరి వెనక జిగురులాంటి ద్రవం నిలిచి ఉండొచ్చు. చాలామంది పిల్లల్లో అది దానంతటదే తగ్గిపోతుంది. 3 నెలలు దాటినా తగ్గక, వినికిడి మందగిస్తే మాటలు రావడం ఆలస్యం కావచ్చు. అప్పుడే డాక్టర్లు గ్రోమెట్ అనే బుల్లి ట్యూబ్ వేద్దామంటారు.

ఆపరేషన్ ఎలా?
మత్తు ఇచ్చి, కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, ద్రవం తీసి ట్యూబ్ అమరుస్తారు. దాదాపు 15 నిమిషాల పని. ఎక్కువగా అదే రోజు ఇంటికి పంపేస్తారు.

అసలు పరీక్ష అంతకుముందే..
మత్తుకు సాధారణంగా 4 గంటల ముందు తల్లిపాలు, 6 గంటల ముందు పోతపాలు ఆపేయాలి. ఆకలికి ఏడుస్తోందని జాలిపడి పట్టేయకండి. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్.

ఇంటికొచ్చాక..
తలంటేటప్పుడు చెవిలో నూనె చుక్కలు వేయొద్దు. ఈ మాట అమ్మమ్మ, నానమ్మలకు ముందే చెప్పండి. సబ్బు నీళ్లు పోనివ్వొద్దు. చెవి నుంచి చీము కారితే డాక్టర్‌కి చూపించాలి. ట్యూబ్ సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో దానంతటదే ఊడిపోతుంది. వినికిడి పరీక్ష మాత్రం మళ్లీ చేయించాలి.

ఎక్కడికెళ్లాలి?
చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్లకు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దగ్గరే.