జనానా స్టూడియో, అత్తగారి నెగటివ్

రాజా దీన్‌దయాళ్ అనగానే ఆరో నిజాం దర్బారూ, వేటలూ గుర్తొస్తాయి కదా. నాకైతే 1892లో ఆయన హైదరాబాదులో పరదా ఆడవాళ్ళ కోసం తెరిచిన జనానా స్టూడియో గుర్తొస్తుంది. దాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయురాలు చూసుకునేది.

అప్పట్లో గాజు నెగటివ్‌ని కాగితానికి ఆనించి ఎండలో పెట్టేవాళ్ళు. నెగటివ్ ఎంతో ఫొటో అంతే. తర్వాత డార్క్‌రూంలో పెద్దది చేయడం వచ్చింది. దీపం కింద కాసేపు చెయ్యి అడ్డం పెడితే నీడలో మునిగిన మొహం తేలుతుంది. నెగటివ్‌లో లేనిది మాత్రం ఎవరూ తేలేరు.

బోనకల్లో మా అత్తగారి పెళ్ళి నెగటివ్‌ని ఒక పాత ఫొటోగ్రాఫర్ గారు అలాగే మళ్ళీ వేసిచ్చారు. పాత ఫొటోలో కత్తిరించేసిన అంచున తెల్లచీరలో ఆవిడ అమ్మమ్మ! విధవని పెళ్ళి ఫొటోలో ఉంచకూడదనుకున్నారు కాబోలు.

దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో తీసుకుంది. మంచిపనే. కానీ ఇంటివాళ్ళ కోసమే ఫొటో దిగిన పరదా ఆడవాళ్ళని ఇప్పుడు గోడకెక్కించాలంటే ఎవర్ని అడుగుతాం?

అత్తయ్యని అడిగాను. "హాల్లోనే పెట్టమ్మా, వచ్చినవాళ్ళంతా చూడాలి" అన్నారు.