పెన్న నీటి ఉప్పదనం: పుట్టుపూర్వోత్తరాలు

ఎర్రగుంట్లకు ఉత్తరంగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా సాగే పెన్నానది నీటి రుచికి చుట్టూ పరచుకొన్న సున్నపురాయినే కారణంగా చూపడం సులభమే గాని, రాతిచరిత్ర అందుకు పూర్తిగా సాక్ష్యం చెప్పదు.

నీటిలో కరిగివున్న లవణాల మొత్తాన్ని లవణీయత అంటారు. ఇది ప్రపంచ నదుల్లో సగటున లీటరుకు 100 నుంచి 120 మిల్లీగ్రాములు కాగా, సముద్రంలో 35 గ్రాముల దాకా ఉంటుంది. నదికి ఈ లవణాలు వాననీటినుంచి, శిలల క్షయంనుంచి సమకూరుతాయనీ, ఆవిరి వాటిని చిక్కబరుస్తుందనీ 1970లో గిబ్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు.

విలియం కింగ్ 1872లో వర్ణించిన కడప, కర్నూలు శిలాశ్రేణుల్లో గండికోట వద్ద నది కోసుకుపోయిన క్వార్ట్‌జైటు దాదాపు కరగనిది. ఎర్రగుంట్ల నాపరాళ్లకు, సిమెంటు కర్మాగారాలకు మూలమైన నార్జి సున్నపురాయి, పులివెందుల వైపునున్న వేంపల్లె డోలమైటు మాత్రం గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీటికి కరిగి, కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లను వదులుతాయి. ఇవి నీటికి కాఠిన్యాన్ని ఇస్తాయి. అందువల్లనే పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. కాని నాలుకకు తెలిసే ఉప్పదనం వేరు, దానికి సోడియం, క్లోరైడు కావాలి. సోడియం ఎగువన అనంతపురం ప్రాంతపు గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం శిథిలమవడంతో ముఖ్యంగా వస్తుంది. రాళ్లలో అతి స్వల్పమైన క్లోరైడును సముద్రపు తుంపరలనుంచి మేఘాలు కొద్దికొద్దిగా మోసుకొస్తాయి. ఆ కొద్దిపాటి ఉప్పే, వానకన్నా ఎండ బలంగా ఉన్న ఈ సీమలో వేల ఏళ్లపాటు నల్లరేగడిలో పేరుకొంటూ వచ్చింది.

ఈ పేరుకోవడానికి వాతావరణ చరిత్ర తోడ్పడింది. గోదావరి ముఖద్వారానికి ఎదుట బంగాళాఖాతం అడుగునుంచి తీసిన అవక్షేపాలు, అంటే పొరలుగా దిగిన ఒండ్రు, సుమారు 4,000 ఏళ్లుగా ద్వీపకల్పం ఎండుతూ వచ్చిందనీ, గత 1,700 ఏళ్లలో ఆ ధోరణి మరింత ముదిరిందనీ చెబుతున్నాయి. వాన తగ్గినకొద్దీ నేలను కడిగి సముద్రానికి చేర్చే నీరు తగ్గుతుంది. కేశాకర్షణ, అంటే సన్నని రంధ్రాల గుండా నీరు పైకెక్కడం, లవణాన్ని పైపొరకు తెచ్చి చౌడుగా పొంగిస్తుంది. ఆంగ్లేయుల కాలంలో దత్తమండలాలుగా పిలిచిన ఈ ప్రాంతంలో ఉప్పరులు చౌటిమట్టిని నీట వడగట్టి ఉప్పు తీసేవారు. ఉప్పుపై గుత్తాధిపత్యం కోసం ఆంగ్ల ప్రభుత్వం 19వ శతాబ్దంలో ఆ వృత్తిని అణచివేసింది గాని, చౌడును మాత్రం ఎవరూ అణచలేకపోయారు.

వరదకాలంలో నదిలో పారేది కొత్త వాననీరు. అది పలుచగా ఉంటుంది. ప్రవాహం తగ్గాక నదికి మిగిలేది నేలలో నెలలకొద్దీ, ఒక్కోసారి ఏళ్లకొద్దీ ఊరి వచ్చే భూగర్భజలం. ఇసుకలో తీసే చెలమల్లో ఊరేదీ అదే. దానిలో చౌటి లవణం, సున్నపురాతి కాఠిన్యం రెండూ కలుస్తాయి. మునుపటికన్నా పెన్న ఉప్పెక్కిందో లేదో నిర్ణయించాలంటే ఒకే ఋతువులో, ఒకే ప్రవాహమట్టం వద్ద దశాబ్దాలపాటు తీసిన నమూనాలను పోల్చాలి. ఒక్క వేసవి పరీక్షాఫలితంతో ఇచ్చే తీర్పు చెల్లదు.