బోదకాలు మాత్ర చరిత్ర

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన పెద్దలకు బోదకాలు ఎట్లుండునో నేను వర్ణించి చెప్ప నక్కర లేదు. ఆ వ్యాధికై ఇంటింట పంచిన తెల్లని మాత్రను గూర్చి మాత్రము చెప్పవలసినది చాల కలదు. దానిని గూటిలో పెట్టి మరచినవారిని, జ్వరము తెచ్చునని పెరటిలో పారవేసినవారిని నేను పెక్కుమందిని చూచితిని. వారి భయము నిష్కారణము కాదు. కాని ఆ జ్వర మెక్కడినుండి వచ్చునో వారికి చెప్పినవారు లేరు.

1872లో కలకత్తాయందు తిమోతి లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తములో సన్నని పురుగుపిల్లలను చూచెను. 1877లో చీనాదేశమున పాట్రిక్ మాన్సన్ అవి దోమ శరీరమున పెరుగుట కనుగొనెను. ఈ పిల్లలు పగలు ఊపిరితిత్తుల నాళములలో దాగి, రాత్రి పైరక్తమునకు వచ్చును. మురుగునీట పుట్టు క్యూలెక్సు దోమ కుట్టు వేళయు నదియే. ఫైలేరియా సిబ్బంది నిద్రవేళ తలుపు తట్టి వ్రేలు పొడుచుటకు కారణ మిదియే గాని వేరు కాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలో వేలకొలది అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకెను. అప్పుడు పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనాధ్యక్షులు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో మన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివినవారు. హ్యూవిట్, కుష్నర్ మొదలగు సహచరులు వారి నాయకత్వమున అనేక సంయోగములను ఎలుకలపై పరీక్షించి, 1947లో డైయీథైల్ కార్బమజైనును ప్రకటించిరి. దానికే హెట్రజాన్ అని వ్యాపారనామము. దీనిని సుబ్బారావుగారొక్కరే చేసిరనుట మన అభిమానమే గాని చరిత్ర కాదు. ఆ పనిని నడిపినవారు వారనుట చరిత్రయే. 1948 ఆగష్టులో వారు న్యూయార్కున గతించిరి. స్వదేశమునకు మరల రాలేదు.

ఈ మందు కర్బన సంయోగము. ఏలికపాముల మందైన పిపరజైనునకు దగ్గర చుట్టము. నీట సులభముగ కరగును, చేదుగ నుండును. వింత యేమనగా, గాజుపాత్రలో పురుగుపిల్లలపై పోసినచో ఇది వానిని చంపజాలదు. మన దేహములో ప్రవేశించినప్పుడే, దేహపు రక్షణశక్తికి వానిని పట్టి యిచ్చును. అవి గుంపుగ చచ్చునప్పుడు జ్వరము, తలనొప్పి, తల తిరుగుట కలుగును. రక్తమున పురుగు లెక్కువయైన కొలది ఈ బాధయు నెక్కువ. అనగా జ్వరము వచ్చినవానికే మాత్ర అవసరము ఎక్కువగ నుండెనని తరచుగ గ్రహింపవలెను.

నిజమైన అపాయములును కలవు. ఆఫ్రికాలో నున్నట్టియు, ఒకప్పుడు మధ్య అమెరికాలోను ఉండినట్టియు నదీ అంధత్వమను వేరొక పురుగువ్యాధి యున్నవారికి దీని నిచ్చినచో చర్మమునకు, కండ్లకు తీవ్రహాని కలుగును. 1948లో మెక్సికోయందు మజోట్టి దీనిని వర్ణించెను. ఆ వ్యాధి మన దేశమున లేదు. ఇచ్చట గర్భిణులకు, రెండేండ్లలోపు శిశువులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఈయరాదని నియమము. తక్కినవారు భోజనానంతరము పుచ్చుకొనవలెను.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. రాజమహేంద్రవరమున పరిశోధన, శిక్షణ కేంద్రము వెలసెను. 2004 నుండి ఏడాది కొకసారి, పెద్దలకు నూరు మిల్లీగ్రాముల మాత్రలు మూడేసి చొప్పున, ఊరూర పంచిరి. వ్యాధి లేనివానికేల యని అడిగినవారు పలువురు. కాలు వాచకయే రక్తమున పురుగుపిల్లలను మోయువారు అనేకులు. దోమ వారిని విడిచిపెట్టదు.

వాచి గట్టిపడిన కాలును ఈ మాత్ర తగ్గింపజాలదు. అట్టివారు నిత్యము సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడిచి, వ్రేళ్లసందున పుండు పడకుండ చూచుకొనవలెను. కూర్చున్నప్పుడు కాలిని ఎత్తున నుంచినచో వాపుబరువు కొంత తగ్గును.