బొమ్మ రైలుకట్ట – పసుపుపచ్చ యంత్రం



దసరా సెలవులకు వచ్చిన మా మనుమడు అరుగు మీద ఒక రైలుమార్గం నిర్మించాడు. అట్టముక్కల కొండ, దాని పాదాన మట్టికట్ట, కట్ట మీద పొగబండి. అంతా ముచ్చటగానే ఉంది గాని, కట్ట పక్కన పసుపుపచ్చని జె.సి.బి. బొమ్మ నిలిపాడు. "ఇది ఏ కాలపు మార్గంరా?" అని అడిగాను. "మన కోస్తా లైను తాతయ్యా, ఇంగ్లీషువాళ్లు వేస్తున్నప్పటిది" అన్నాడు.

కావ్యంలో దేశకాలవిరోధం దోషమని మూడు దశాబ్దాలు పాఠం చెప్పినవాణ్ణి. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుని మాట బొమ్మలకు మాత్రం వర్తించదా? ఈ టపా ఆ సందేహంలోంచి పుట్టింది.

కటకం నుండి బెజవాడ వరకు తూర్పుకోస్తా మార్గం 1893–96 మధ్య సిద్ధమైంది. మా ఊరి పేరు పెట్టుకుని ఊరికి దూరంగా ఉన్న నర్సీపట్నం రోడ్ స్టేషను ఆ మార్గం మీదిదే. బామ్‌ఫర్డ్ అనే ఆంగ్లేయుడు జె.సి.బి. సంస్థను స్థాపించింది 1945లో. అది మన దేశంలో తయారీకి దిగింది 1979లో. ఆవిరితో నడిచే తవ్వుడు యంత్రానికి అమెరికాలో ఓటిస్ 1839లోనే పేటెంటు పొందాడు. అయినా మనిషి కూలి చౌకగా దొరికే మన దేశంలో కట్టలు లేచింది పలుగు, పార, తట్టలతోనే. కట్ట పక్కనే గోతులు తవ్వి ఆ మట్టినే పైకి మోసేవారు. లోతు కొలిచి కూలి కట్టడానికి గోతి నడుమ ఒక మట్టిస్తంభాన్ని తవ్వకుండా వదిలేవారు. ఆ చిన్న స్తంభాన్ని బొమ్మలో పెడితే చాలు, వంద యంత్రాలు చెప్పలేని కాలాన్ని అది చెబుతుంది.

1897లో మొదలై 1900లో ప్రారంభమైన గోదావరి హేవలాక్ వంతెన సంగతి వేరు. 56 అంకణాల ఆ వంతెనకు నదిలో బావులు దింపారు. బావి లోపలి ఇసుకను తోడుతూ ఉంటే కట్టడం తన బరువుతో తానే కిందికి దిగుతుంది. అక్కడ ఆవిరి క్రేను నిలిపితే అనౌచిత్యం కాదు.

1960లో జపానుతో కుదిరిన ఇనుపఖనిజపు ఒప్పందం ఫలితంగా వెలసిన కొత్తవలస–కిరండూల్ మార్గం యంత్రయుగానిది. సొరంగాలు తొలిచే గాలిడ్రిల్లులు, రాళ్లు మోసే టిప్పర్లు, బుల్డోజర్లు ఆ దృశ్యానికి తగినవే. అక్కడ కూడా పసుపుపచ్చని జె.సి.బి.కి మాత్రం చోటు లేదు.

ఇటీవలి సంవత్సరాల్లో అదే కొండల్లో సాగుతున్న రెండో మార్గపు పనిని చూపదలిస్తే అన్నీ పెట్టవచ్చు. అయితే యంత్రానికీ ఒక నడక ఉంది. మనవాళ్లు పొక్లెయిన్ అనే యంత్రం తవ్వి టిప్పరుకు ఎత్తుతుంది. డోజరు మట్టిని పరుస్తుంది. ట్యాంకరు నీళ్లు చల్లుతుంది. రోలరు పొరపొరగా అణచివేస్తుంది. టిప్పరు తిరిగి రావడానికి దారి, నేల మీద చక్రాల జాడ, యంత్రానికి అంటిన ఎర్రమట్టి ఉండాలి. కంకర పరచిన కట్ట మీద డోజరును నిలపరాదు.

కొలతలోనూ ఒక వింత ఉంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. అంత ఎత్తు మనిషి పట్టాల నడుమ అడ్డంగా పడుకుంటే సరిగ్గా సరిపోతాడు. హెచ్.ఓ. అనే 1:87 కొలతలో ఆ మనిషి 19 మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఆ కొలత పట్టాల వెడల్పు 16.5 మాత్రమే, అది పరదేశపు గేజి.

ఇదంతా విన్నాక వాడు అడిగాడు: "అయితే లంబసింగి ఘాటు రోడ్డుకు కూడా యంత్రాలు లేవా?"

లేవు. 1920ల ఆరంభంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి దారి వేయించాడు. కొండ తొలిచింది వెట్టికి దింపబడిన గిరిజనుల చేతులు. పోడు మీది ఆంక్షలతోపాటు ఆ వెట్టి కూడా మన్యం పితూరీకి కారణమైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. ఆ దారి బొమ్మలో ఒక యంత్రం నిలిపితే, అది ఒట్టి కాలదోషం కాదు. అక్కడ రాళ్లు మోసినవారిని చెరిపివేయడం.

వాడు జె.సి.బి.ని తీసి పెట్టెలో పెట్టాడు. సాయంత్రం వరకు పెరటి బంకమట్టితో వేలిగోరంత మనుషులను చేస్తూ కూర్చున్నాడు. "ఆడవాళ్లకు కూడా తట్టలు పెట్టరా" అని మాత్రం గుర్తుచేశాను.

మీ ఊరి కట్ట, మీ ఊరి దారి ఎవరు వేశారో ఇంట్లో పెద్దలను అడిగి మీరూ రాయండి.