వంటింటి పొగకు దారి

1953లో మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే ఇంగ్లిష్ పుస్తకాన్ని అచ్చు వేసింది. రాసినవారు డాక్టర్ ఎస్.పి. రాజు, హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌కు చెందిన ఇంజనీరు. నీటి ప్రవాహాలు, నేలలు, కట్టడాల సామగ్రి గురించి పరిశోధించే చోట పనిచేసే మనిషి, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కళ్ళ మంట గురించి పట్టించుకోవడం ఆ రోజుల్లో చాలా అరుదు. పొగ, మసి, సెగ, కట్టెల దండగ, నిప్పు భయం - ఈ ఐదింటి నుంచీ వంటింటికి విముక్తి కావాలని ఆయన కోరారు. ఇవాళ వంటింట్లో చిమ్నీ బిగించుకునే కుటుంబం కోరుకునేదీ దాదాపు ఇదే. మధ్యలో డెబ్బై ఏళ్ళు గడిచాయి.

అంతకు ముందు తెలుగు వంటింట్లో పొగ తన దారి తనే వెతుక్కునేది. తాటాకు చుట్టిల్లయితే కప్పులోంచి మెల్లగా ఇంకిపోయేది. పెంకుటిల్లయితే గూనపెంకుల సందుల్లోంచి పోయేది. మండువా లోగిళ్ళలో పొగ మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువాలోకి చేరి పైకి లేచేది. పొగతో లాభం కూడా లేకపోలేదు. పొగచూరిన వాసాలకు పురుగు తొందరగా పట్టదు. అందుకే విత్తనాలకు దాచిన కంకుల్ని పొయ్యికి పైన వేలాడగట్టేవారు. కానీ ఆ లాభానికి మూల్యం చెల్లించింది ఆడవాళ్ళే. తడి కట్టెలు రాజుకోక ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ, కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుని, మసిగుడ్డతో గిన్నె దింపి, ఆ తర్వాత దాన్ని బూడిదతో తోమాలి. తోమే చాకిరీ తగ్గుతుందని పొయ్యి మీద పెట్టే ముందే గిన్నె అడుగున తడి మట్టి పూసేవారు. మసి ఆ పూతకే అంటుకుని, కడిగితే మట్టితో పాటే ఊడిపోయేది. పొగను ఆపలేనప్పుడు దాని చాకిరీనైనా తగ్గించుకునే ఉపాయమది.

రాజు గారి పొయ్యికి లాబొరేటరీ పేరులోని ఇంగ్లిష్ పొడి అక్షరాలతో ‘హెర్ల్ చూలా’ అని పేరు వచ్చింది. కట్టేది మట్టితోనే. తేడా లోపల ఉంది. మామూలు పొయ్యిలో మంట గిన్నె పక్కల నుంచి లేచి, పొగ వండే మనిషి మొహానికి కొడుతుంది. ఇందులో కట్టెల దగ్గర పుట్టిన వేడిగాలి మట్టి దిమ్మె లోపలి సొరంగం గుండా మలుపు తిరిగి, వరసగా గిన్నెల కింద నుంచి పోయి, చివర నిలబెట్టిన గొట్టంలోంచి ఇంటి కప్పు దాటుతుంది. మొదటి గిన్నెలో అన్నం ఉడుకుతుంటే ఆ వేడే వెనక గిన్నెలో పప్పునీ, ఆ పైన నీళ్ళనీ కాస్తుంది. గాలి ఎక్కువగా లాగితే కట్టెలు దండగ కాబట్టి, దారికి అడ్డంగా ఒక రేకు పలక పెట్టారు. దాన్ని కాస్త మూస్తే మంట అదుపులోకి వస్తుంది. ఏ యంత్రమూ లేదు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుందన్న ఒక్క సూత్రం మీదే అంతా నడిచింది. దాదాపు అదే కాలంలో వార్ధాలోని మగన్‌వాడీ నుంచి మగన్ చూలా అనే ఇలాంటి పొయ్యే మరొకటి వచ్చింది.

అయితే ఇలాంటి పొయ్యి సుఖంగా పనిచేయాలంటే రెండు షరతులున్నాయి. గిన్నె అడుగు పొయ్యి కన్నానికి సరిగ్గా ఆనాలి. ఇంట్లో గిన్నెలేమో రకరకాల సైజులు. సందు ఉన్న ప్రతిచోటా పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది. రెండోది మరీ ముఖ్యం: గొట్టంలో పేరుకున్న మసిని తరచూ దులపాలి. కప్పెక్కి ఆ పని చేసేదెవరు? వంట చేసేది ఆడవాళ్ళు, కప్పెక్కేది మగవాళ్ళు. వండని మనిషికి గొట్టం మూసుకుపోయిన సంగతి పట్టదు. తాటాకు కప్పులోంచి వేడి గొట్టం పోతుంటే నిప్పంటుకుంటుందన్న భయం ఒకటి.

ఈ చిక్కు ఒక్క హైదరాబాద్‌ది కాదు. 1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసే నాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. చాలా చోట్ల అవి పగిలిపోయాయి, లేదా జనం వాటిని వదిలేసి పాత పొయ్యికే వెళ్ళిపోయారు. తర్వాత ఆర్థికవేత్తలు ఎస్తేర్ డ్యూఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రేమా హానా ఒడిశా పల్లెల్లో గొట్టం ఉన్న మట్టి పొయ్యిల్ని నాలుగేళ్ళ పాటు గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాది ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా మాయమైంది. బాగు చేయించుకునేవాళ్ళు లేరు, వాడకమూ తగ్గిపోయింది. పొయ్యి కట్టి ఇవ్వడానికి డబ్బు దొరికింది కానీ, గొట్టం దులిపే మనిషికి ఏర్పాటు లేకపోయింది. ఈ చరిత్ర మొత్తంలో బాధ పెట్టే చోటు ఇదే.

అసలు ఆ పొగ ఎంత? 1983లో పరిశోధకుడు కిర్క్ స్మిత్ బృందం గుజరాత్ పల్లెల్లో వండే ఆడవాళ్ళ దగ్గరే పరికరాలు ఉంచి కొలిచిన లెక్కలు ప్రచురించింది. అప్పటిదాకా గాలి కాలుష్యమంటే ఫ్యాక్టరీ గొట్టాలే గుర్తొచ్చేవి. తెలుగు నేల లెక్క 2004లో వచ్చింది. పరిశోధకురాలు కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 400 ఇళ్ళలో గాలిని కొలిచింది. ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని నుసి ఇరవై నాలుగు గంటల సగటున గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది. పది రెట్లు! అయితే ఆ 73ని కూడా మర్చిపోకూడదు. గ్యాసు వచ్చినంత మాత్రాన వంటింటి గాలి శుభ్రమైపోదు.

మన వంటిళ్ళలోకి చిమ్నీ కన్నా గ్యాసే ముందు వచ్చింది. బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి, వత్తుల స్టవ్వు, చుట్టుపక్కలకి వినబడేలా రొద చేసే పంపు స్టవ్వు - ఇవన్నీ దాటుకుని పట్నాల్లో సిలిండర్ అడుగుపెట్టింది. పల్లెలకు పెద్ద మలుపు 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన దీపం పథకం. పొదుపు సంఘాల్లోని పేద మహిళల పేరనే కనెక్షన్ ఇచ్చారు. నేల మీది పొయ్యి గట్టు మీదికి ఎక్కింది, కూర్చుని వండే మనిషి నిలబడింది. ఆ తర్వాత అపార్ట్‌మెంట్లొచ్చాయి. వంటగది చిన్నదై హాల్లోకి తెరుచుకుంది. పెంకుల సందులు లేవు, పైన మండువా లేదు. ఎండుమిర్చి తాలింపు వేస్తే పడగ్గదిలో తుమ్ములు. గోడకు కన్నం పెట్టి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను కొన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

ఇవాళ మనం చిమ్నీ అంటున్న యంత్రం వచ్చిన తోవ వేరు. ఇటలీలో కాగితం తయారీకి శతాబ్దాలుగా పేరున్న ఫాబ్రియానో అనే ఊరు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వంటింటి హుడ్‌ల తయారీకి కేంద్రమైంది. ఫేబర్ 1955లో, ఎలికా 1970లో అక్కడే పుట్టాయి. మన షాపుల్లో ఆ పేర్లు ఇప్పుడు అందరికీ తెలుసు. రాజు గారి గొట్టం వేడి మీద ఆధారపడితే, ఇది మోటారు మీద ఆధారపడుతుంది. మిగతా చిక్కులన్నీ పాతవే.

బిగించే రోజున చాలా ఇళ్ళలో జరిగేది చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంటివాళ్ళ చూపంతా అద్దం మెరుపు మీద, గంటకు 1,200 ఘనపు మీటర్లన్న స్టిక్కర్ మీద ఉంటుంది. మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు ఎత్తు ఉన్న వంటగదిలో ఉండే గాలి 22.5 ఘనపు మీటర్లే. దాన్ని గంటకు పదిహేనుసార్లు మార్చినా 340కి మించదు. ఆ పెద్ద అంకె పైపు బిగించిన తర్వాత ఎంత మిగులుతుందో నిర్ణయించేది ఎవరూ చూడని ఆ పైపే. ఆరంగుళాల పైపును కిటికీ కన్నం చిన్నదని నాలుగంగుళాలకు కుదించినా, మడతల అల్యూమినియం గొట్టాన్ని ఫాల్స్ సీలింగ్‌లో మూడు వంకలు తిప్పినా మోటారు రొద పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. కొన్నిచోట్ల ఆ గొట్టాన్ని యుటిలిటీలోకి వదిలేస్తారు. జిడ్డు పొగ ఆరేసిన బట్టల మీదికే వెళ్తుంది. పైపు పొట్టిగా, తిన్నగా ఉండి, ఆరుబయట తేలాలి. వానా, పిట్టా దూరకుండా చివర మూత ఉండాలి. స్టవ్వుకూ హుడ్‌కూ మధ్య మామూలుగా 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎడం పెడతారు. ఇక గది తలుపులూ కిటికీలూ అన్నీ బిడాయిస్తే చిమ్నీ లాగడానికి గాలే ఉండదు. స్టవ్వుకు దూరంగా ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచాలి.

హుడ్ కింది ఫిల్టర్ విప్పి చూస్తే వంకర పలకల మధ్య తేనెరంగు జిడ్డు వేలికి బంకలా తగులుతుంది. ఇడ్లీలు, పప్పు వండే ఇంటికీ, రోజూ వేపుళ్ళు వేసే ఇంటికీ ఆ జిడ్డులో చాలా తేడా ఉంటుంది. వేపుళ్ళ ఇంట్లో రెండు మూడు వారాలకోసారి వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి కడగాల్సిందే. నూనె బాగా కాగినప్పుడు వచ్చే పొగ మనిషికి క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉన్నవాటిలో ఒకటని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదికలో చెప్పింది. అదే జిడ్డు గొట్టంలో పేరుకుంటే, బాండీలో లేచిన మంట పైకి అందుకున్నప్పుడు గొట్టమంతా అంటుకుంటుంది. అలాంటప్పుడు చేయవలసింది ఫ్యాను ఆపడం, స్టవ్వు కట్టేయడం, బాండీ మీద మూత పెట్టడం. నూనె మంట మీద నీళ్ళు పోయకూడదు.

ఇంకో ప్రమాదం గ్యాసు లీకు. వాసన రాగానే చిమ్నీ వేస్తే బయటికి లాగేస్తుందని కొందరి నమ్మకం. వంటగ్యాసు గాలి కన్నా బరువు. అది నేల దగ్గర పరుచుకుంటుంది. హుడ్ ఉండేది పైన. పైగా స్విచ్ వేసేటప్పుడు పుట్టే చిన్న మెరుపే ఇల్లు పేలడానికి చాలు. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వెళ్ళి 1906కు ఫోన్ చేయాలి. గ్యాసు గీజరున్న ఇంట్లో మరో జాగ్రత్త అవసరం. తలుపులన్నీ మూసి చిమ్నీ గట్టిగా నడిపితే, గీజరు గొట్టంలోంచి పైకి పోవాల్సిన విషవాయువు వెనక్కి ఇంట్లోకే వచ్చే వీలుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి తొంభైకి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎనభైకి పైగా ఇళ్ళు గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనం మీదే ప్రధానంగా వండుతున్నాయి. అయినా పల్లెల్లో పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పోలేదు. స్నానాల నీళ్ళు, పశువుల కుడితి, పండగ పిండివంటలు దాని మీదే. సిలిండర్ రాని రోజుల్లో అన్నం కూడా అక్కడే. ఆరుబయటే కదా అని ఆ పొగను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దాని ముందు కూర్చునేది ఎక్కువగా ఇంట్లోని పెద్దామె. పెరటి పొయ్యికి ఒక రేకు గొట్టం, దాన్ని ఏడాదికి నాలుగుసార్లు దులిపే మనిషికి పంచాయతీ నుంచి కొద్దిపాటి కూలి - రాజు గారు మొదలుపెట్టిన పనిలో ఇంకా మిగిలి ఉన్న భాగం ఇది. దీనికయ్యే ఖర్చు ఒక చిమ్నీ ధర కన్నా చాలా తక్కువ.